గూఢచారి తీగ, కరువు సీమ గునపం

1966లో కృష్ణ నటించిన ‘గూఢచారి 116’ తర్వాత తెలుగులో బాండ్ తరహా సినిమాలకు ఒక దారి ఏర్పడింది. ఆ దారిలో వచ్చిన కథానాయకులకు తాళం అసలు అడ్డంకే కాదు. జేబులోంచి సన్నని తీగ తీస్తారు, రెండుసార్లు కదుపుతారు, తలుపు తెరుచుకుంటుంది. ఇలాంటి దృశ్యాలు చూసీ చూసీ మనలో రెండు నమ్మకాలు బలపడ్డాయి. సైన్యాల దగ్గర, గూఢచారుల దగ్గర ఏ తాళాన్నయినా తీసే రహస్య పరికరాలు ఉంటాయన్నది మొదటిది. మన పల్లెల్లో తరతరాలుగా తాళాలు తీసే విద్య తెలిసిన దొంగల కులాలు ఉండేవన్నది రెండోది. మొదటిదాంట్లో కొంత నిజం ఉంది. రెండోది ఎలా పుట్టిందో అనంతపురం, బళ్లారి వైపు చరిత్ర చూస్తే తెలుస్తుంది.

పాత కాలం సంగతి ఎక్కువ చెప్పనక్కర్లేదు. శూద్రకుడి మృచ్ఛకటికంలో శర్విలకుడు గోడకు కన్నం వేయడాన్ని ఒక కళగా వర్ణిస్తాడు. దండి దశకుమారచరితంలో అపహారవర్మ వెంట తీసుకెళ్లిన సామగ్రి జాబితా ఉంది: తవ్వే పనిముట్టు, పట్టకారు, కొలతాడు, మోకు, మనిషి తల బొమ్మ, దీపాలార్పే తుమ్మెదల పెట్టె. దండి కథలను 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేశాడు. ఆ మూల జాబితాలో తాళం తీసే పరికరం పేరు కనిపించదు. మన సాహిత్యంలో దొంగ గోడనే నమ్ముకున్నాడు.

తీగతో తాళం తీసే విద్యకు పేరు వచ్చింది పారిశ్రామిక ఇంగ్లండులో. ఎవరూ తీయలేరని చెప్పుకున్న బ్రామా తాళాన్ని 1851 లండన్ ప్రదర్శన సమయంలో అమెరికన్ హాబ్స్ తీశాడు. పదహారు రోజుల వ్యవధిలో దాదాపు 51 గంటలు పట్టింది. తెరమీద ఐదు సెకన్లు చూపించేవారు ఈ లెక్కను గుర్తుంచుకోవాలి. ఆ తర్వాత 1860లలో యేల్ పిన్నుల తాళానికి ఇప్పటి రూపం ఇచ్చాడు. సినిమాల్లో కనిపించే సన్నని కొక్కెం, వంపు రేకు ఆ తాళానికి తగిన జోడీ. మన ఇళ్లకు వేలాడింది మాత్రం అలీగఢ్, దిండిగల్ తాళాలు, 1897లో మొదలైన గోద్రెజ్ తాళాలు. వీటిలో చాలావరకు లీవర్ తాళాలే. పిన్నుల తాళానికి చేసిన జోడీ వీటికి సరిపోదు, వేరే పనిముట్టు, వేరే సాధన కావాలి. చిన్న విషయమే, కానీ మన తెర దొంగ చేతిలోని తీగ ఏ దేశం నుంచి వచ్చిందో దీంతో తెలిసిపోతుంది.

దొంగల కులాలన్న రెండో నమ్మకం విషయంలో అసలు వివాదం 1871కీ 1913కీ మధ్య కాలం గురించి. మద్రాసు నుంచి కడప, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు మీదుగా రాయచూరుకు రైలు దారి పూర్తయింది 1871లో. నేరస్థ జాతుల చట్టం పుట్టిందీ అదే ఏడాది. అనంతపురం అప్పటికి బళ్లారి జిల్లాలో భాగం, 1882లో వేరయింది. ఆనాటి పోలీసు అధికారుల రచనలు, ముఖ్యంగా 1892 నాటి మల్లాలీ పుస్తకం, కొరవలను, ఎరుకలను, దొంగ దాసరులను పుట్టు దొంగలుగా చిత్రించాయి. రైల్వే పోలీసు అధికారి పాపారావు నాయుడు రైలు దొంగల మీద పుస్తకమే రాశాడు. కులాలు, తెగల మీద 1909లో వచ్చిన థర్‌స్టన్ సంపుటాలు ఇలాంటి రాతలను విద్వత్తు స్థాయికి ఎత్తాయి. తర్వాతి రచయితలు చాలామంది వాటినే తిరగరాశారు.

ఆ పోలీసు రాతలనే జాగ్రత్తగా చదివితే, వాళ్లు వర్ణించిన పనిముట్టు మొన తేలిన ఇనుప కడ్డీ. వర్ణించిన పద్ధతి, తలుపు పక్క గోడకు గడియ ఎత్తున కన్నం పొడిచి, చేయి దూర్చి గడియ తీయడం. అది ఎందుకు పనికొచ్చిందో మన మిద్దెలు చూసినవారికి విడమరచి చెప్పనక్కర్లేదు. బండరాయి, మట్టి అడుసుతో కట్టిన గోడ, పైన చవుడు పరిచిన కప్పు, వెలుతురు కోసం గవాక్షి. రాళ్ల మధ్య మట్టిని నిదానంగా తోడితే చప్పుడు లేకుండా దారి దొరుకుతుంది. రాత్రి ఇంట్లో మనుషులు పడుకున్నప్పుడు తలుపుకు బయట తాళమే ఉండదు, లోపల గడియ ఉంటుంది. ఇక తాళం విద్యతో పనేముంది? గింజలు పాతరలో ఉండేవి, దానికీ తాళం లేదు. ఆ కడ్డీ రైతు ఇంట్లోని గునపానికి దగ్గరి చుట్టం, దాన్ని చేసినవాడు ఊరి కమ్మరే. దాన్ని ఒక జాతి రహస్య ఆయుధంగా చూపడం నాకు న్యాయంగా తోచదు.

మరి ఆ కడ్డీ పట్టినవారు ఎందుకు పట్టారు? ఎరుకల, కొరవ కుటుంబాలలో చాలామంది కోస్తా ఉప్పును ఎడ్లమీద, గాడిదలమీద మెట్ట సీమకు తెచ్చి, గింజలకు మారుగా ఇచ్చేవారు. రైలు ఆ బేరాన్ని మింగింది, ప్రభుత్వ ఉప్పు విధానం దాని మూలాన్నే దెబ్బతీసింది. 1876–78 కరువులో మనుషులతోపాటు పశువులూ పోయాయి. 1882 మద్రాసు అటవీ చట్టంతో మేత, వెదురు కరువయ్యాయి. మీనా రాధాకృష్ణ 2001లో వెలువరించిన గ్రంథం ఈ క్రమాన్ని సాక్ష్యాలతో చూపింది. గింజల ధర పెరిగిన ఏళ్లకూ దోపిడీలు పెరిగిన ఏళ్లకూ ఉన్న సంబంధాన్ని డేవిడ్ ఆర్నాల్డ్ మద్రాసు రాష్ట్రం మొత్తానికి పరిశీలించాడు. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే మా అనంతపురం వైపు ఈ లెక్క మరింత కఠినంగా పనిచేసి ఉంటుందని నా అభిప్రాయం.

అయితే ప్రతి దొంగతనాన్నీ ఆకలి ఖాతాలో వేయలేం. ఆరితేరిన ముఠాలు ఉన్నాయి, సొత్తు కొని కరిగించిన పెద్దమనుషులూ ఉన్నారు. ప్రయాణికుల మూటలు కోసే నేర్పును పాపారావు నాయుడు ఊహించి రాయలేదు. నా అభ్యంతరం కొందరి నేర్పును పుట్టుకకు అంటగట్టడం మీదే. 1911లో కొత్త నేరస్థ జాతుల చట్టం వచ్చింది. 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో స్టూవర్టుపురం సెటిల్మెంట్ ఏర్పడింది. దాంతో ఆ ముద్ర ఊరి పేరుకే అంటుకుంది.

ఇక నిజమైన గూఢచారులు. 1942లో వాషింగ్టన్‌లోని విషీ ఫ్రాన్స్ రాయబార కార్యాలయంలో సంకేత లిపి పుస్తకాలు ఉన్న ఇనప్పెట్టెను తెరవడానికి బెట్టీ ప్యాక్ బృందం ప్రత్యేకంగా ఒక నిపుణుణ్ని పిలిపించుకుంది. అయినా ఒక్క రాత్రితో పని కాలేదు. కావలివాడికి మత్తు ఇవ్వాల్సివచ్చింది, అతణ్ని ఏమార్చడానికి నాటకమూ ఆడాల్సివచ్చింది. బ్రిటిష్ కమాండోలు జైలు నుంచి తెచ్చుకున్న జానీ రామెన్‌స్కీ బలం పేలుడు మందు, తీగ కాదు. 1972 వాటర్‌గేట్ బృందంలో తాళాల పని వృత్తిగా చేసేవాడే ఉన్నాడు. వాళ్లు గడియలు పడకుండా తలుపులకు అంటించిన టేపును కావలివాడు చూడటంతో దొరికిపోయారు. ఆ రాత్రి ఒక తాళం లొంగకపోతే తలుపును కీళ్ల దగ్గరే ఊడదీశారు. మా సీమలో కన్నం వేసినవాడూ తాళాన్ని వదిలి పక్కదారే పట్టాడు. సైనికులకు శబ్దం అడ్డు కాని చోట కట్టర్, సమ్మెట, పేలుడు మందు ఉంటాయి. తీసే పరికరాలూ ఉన్నాయి, వాడేవాళ్లూ ఉన్నారు, కానీ వాటికి సమయం కావాలి, నిశ్శబ్దం కావాలి, ఆ రకం తాళం మీద ముందే సాధన ఉండాలి.

నేటి పరిస్థితి నాకు తృప్తినివ్వడం లేదు. గోడలు సిమెంటువయ్యాయి, దొంగ కన్నం మాని తాళం కప్ప విరుస్తున్నాడు, గొళ్లెం పెకలిస్తున్నాడు, ఏటీఎంను గ్యాస్ కట్టర్‌తో కోస్తున్నాడు. ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్లకు ఎల్‌హెచ్‌ఎంఎస్ కెమెరాలు పెడుతున్నారు, అది తెలివైన పని. కానీ మన సినిమా ఇంకా పాత పోలీసు పుస్తకాలనే చదువుతోంది. స్టూవర్టుపురం పేరుతో 1991లో రెండు చిత్రాలు వచ్చాయి, 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చింది. దొంగను వీరుణ్ని చేసినంత మాత్రాన ఊరికి పడ్డ ముద్ర చెరగదు. 1952లో నేరస్థ జాతుల చట్టం రద్దయినా అనుమానం రద్దు కాలేదు. గుత్తి, గుంతకల్లు, తాడిపత్రి వైపు ఎరుకల కుటుంబాలలో ఉప్పు బేరం కబుర్లు తాతల నోట విన్న పెద్దలు ఇంకా ఉంటారు. కథలు రాసేవారు, సినిమాలు తీసేవారు ముందు వాళ్ల దగ్గర కూర్చుని ఆ మాటలు రాసుకోవాలి.