శ్రీహరికోట క్యూలో సింగపూరు

శ్రీహరికోట అనగానే మనవాళ్ళకి చంద్రయాన్ గుర్తొస్తుంది. నాకు మాత్రం ఈమధ్య సింగపూరు గుర్తొస్తోంది. హైదరాబాదంత జనం కూడా లేని ఆ దేశం మన తీరం నుంచి ఎన్ని ఉపగ్రహాలు పంపిందో చూశారా?

2011 ఏప్రిల్ 20న పీఎస్ఎల్వీ-సీ16 మీద వెళ్ళిన ఎక్స్-శాట్ బరువు 106 కిలోలు. చేసింది నాన్యాంగ్ యూనివర్సిటీ, డీఎస్ఓ. ఈ డీఎస్ఓ వాళ్ళ రక్షణ ప్రయోగశాల, మన డీఆర్డీవోకి చిన్న తమ్ముడనుకోండి. 1972లో అప్పటి రక్షణమంత్రి గో కెంగ్ స్వీ చిన్నగా మొదలుపెట్టించాడు. 2015 డిసెంబర్ 16న సీ29 మోసుకెళ్ళిన ఆరు ఉపగ్రహాలూ సింగపూరువే. వాటిలో పెద్దది, 400 కిలోల టెలియోస్-1, ఎస్టీ ఇంజనీరింగ్ అనే కంపెనీది. దాని మూలాలు 1967లో తూటాల తయారీకి పెట్టిన ఫ్యాక్టరీలో ఉన్నాయి.

ఇక 2023 జూలై 30న వెళ్ళిన డీఎస్-శార్. రాకెట్ మనది, రాడార్ ఇజ్రాయెల్‌ది. మరి సింగపూరుది ఏమిటండీ అంటే, ఏం కావాలో తెలియడం! మిలటరీకి కొనిపెట్టడానికే 2000లో డీఎస్‌టీఏ అని ఒక సంస్థ పెట్టుకున్నారు, అందులో ఇంజనీర్లుంటారు. రిక్వైర్‌మెంట్స్ రాయడం వచ్చిన క్లయింటు ఎంత అరుదో మనకి వేరే చెప్పాలా?

అయితే అక్కడ 1959 నుంచీ ఒకటే పార్టీ పాలన. గవర్నమెంటు మారి ఫైలు మూలనపడే భయం లేదు. ఆ సుఖానికి అంత ధర నేనైతే కట్టలేను.

రెండో రకం చూడండి. 2017 మే 5న ఇక్కడినుంచే జీశాట్-9 వెళ్ళింది. 2230 కిలోలు, ఖర్చంతా మనదే. నేపాల్, భూటాన్, శ్రీలంక, మాల్దీవులు, బంగ్లాదేశ్, అఫ్ఘానిస్తాన్‌లకి కానుక. పాకిస్తాన్ వద్దంది. కానుక పుచ్చుకోడానికి సంతకం చాలు, ప్రయోగశాల అక్కర్లేదు. అందుకే అది అయ్యాక కూడా చాలాచోట్ల కొత్తగా నేర్చుకున్నది తక్కువేనని నా అనుమానం.

పోనీ చిన్న దేశం కాబట్టి అంతే అందామా అంటే, భూటాన్ అడ్డొస్తుంది. ఎనిమిది లక్షల జనం కూడా లేరు, ఆయుధాల ఫ్యాక్టరీ ఊసే లేదు. అప్పట్లో ఉన్నదల్లా ఒక ఐటీ-టెలికాం శాఖ. వాళ్ళ ఇంజనీర్లు బెంగళూరొచ్చి నేర్చుకున్నారు. 2022 నవంబర్ 26న సీ54 మీద వెళ్ళిన ఐఎన్ఎస్-2బీలో కెమెరా మనది, అమెచ్యూర్ రేడియో పరికరం వాళ్ళూ మనమూ కలిసి చేసింది. అంత పెద్ద జీశాట్-9 కన్నా నాకు ఆ చిన్న రేడియోనే నచ్చింది.