కారుగారి దాహం

మొన్న ఆదివారం మా ఇంట్లో వంట ఆలస్యమైంది. కారణం మామగారి అంబాసిడర్. దాని రేడియేటర్ పగిలింది. "అమ్మేద్దాం తాతయ్యా!" అన్నాడు మావాడు. మామగారు పలకలేదు. మా అత్తగారు చివరిసారి గడప దాటి వెళ్ళింది అందులోనే మరి.

ఇంజను చల్లారాక, మామగారు కుర్చీలోంచి చెబుతుంటే వాడు కుళాయి తిప్పి నీళ్ళు వదిలాడు. రబ్బరు గొట్టాలు, బోల్టులు ఊడదీసి కొత్త రేడియేటర్ బిగించాడు. నీళ్ళు మోసే పని మాత్రం నాదే!

బకెట్టు మోస్తుంటే బెర్తా బెంజ్ గుర్తొచ్చింది. 1888 ఆగస్టులో ఆ జర్మనీ ఇల్లాలు, భర్తకి చెప్పకుండా, ఆయన తయారుచేసిన మూడు చక్రాల కారులో ఇద్దరు కొడుకులతో పుట్టింటికి బయల్దేరింది. మన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కి నూరు కిలోమీటర్ల పైమాటే. ఇంజను వేడికి నీళ్ళు ఆవిరైపోతుంటే దారి పొడుగునా పోసుకుంటూ వెళ్ళింది. ఇంధనం గొట్టం పూడుకుంటే టోపీ పిన్నుతో పొడిచిందట. చూశారూ, ఆడదాని పిన్ను ఎక్కడ పనికొచ్చిందో!

ఆ దాహం తగ్గించినవాడు విల్‌హెల్మ్ మైబాక్. 1900లో మెర్సిడెస్ కారుకి తేనెపట్టులాంటి రేడియేటర్ చేశాడు. అందులో 8,070 బుల్లి గొట్టాలు. వాటిలోంచి గాలి, వాటి చుట్టూ నీళ్ళు. చల్లబడ్డ నీళ్ళే మళ్ళీ ఇంజనుకి.

మూడింటికి మా బండి కదిలింది. పాత రేడియేటర్ రాగీ ఇత్తడీ కదా, పాత సామాన్లవాడు మంచి ధరే చెప్పాడు. మామగారు ఇవ్వనన్నారు. ప్రస్తుతం అది నా తులసికోట పక్కన ఉంది.