దండు వెళ్లాక మిగిలిన ఆట

ఇంగ్లండు, స్కాట్లండు రగ్బీ జట్లు ఏటా పోటీపడే వెండి కప్పుకు మూడు పిడులుంటాయి. మూడూ తాచుపాములే. మూత మీద ఏనుగు బొమ్మ. పేరు కలకత్తా కప్పు. ఆ వెండి మన రూపాయి నాణేలది.

1872 క్రిస్మస్ నాడు కలకత్తాలో ఇరవై మంది ఇంగ్లీషువాళ్లు ఒకవైపు, స్కాట్లండు, ఐర్లండు, వేల్స్ వాళ్లు కలిసి ఇరవై మంది ఇంకోవైపు నిలబడి రగ్బీ ఆడారు. ఆ ఊపులో మరుసటి నెలలోనే క్లబ్బు పెట్టారు. నాలుగైదేళ్లు తిరగకముందే అది చతికిలబడింది. ఆడే సిపాయిలున్న రెజిమెంటు బదిలీ అయింది. ఎండకు తాళలేనివాళ్లు టెన్నిస్ వైపు, గుర్రాలున్నవాళ్లు పోలో వైపు మళ్లారు. క్లబ్బులో ఉచితంగా మందు పోయడం ఆపేశాక సభ్యులు మరీ పలచబడ్డారని కూడా చెబుతారు, నమ్మదగ్గ మాటే! చివరికి 1878లో బ్యాంకులో మిగిలిన సొమ్మును 270 వెండి రూపాయలుగా తీసుకుని, కరిగించి, కప్పు చేయించి ఇంగ్లండుకు పంపేశారు. 1879లో ఎడిన్‌బరోలో దానికోసం జరిగిన మొదటి పోటీ సమంగా ముగిసింది.

దండుతో వచ్చిన ఆట దండుతోనే పోయింది. ఆ తర్వాత క్లబ్బు మళ్లీ లేచింది, కలకత్తా, బొంబాయి క్లబ్బుల్లో ఆట సాగింది, 1924 నుంచి అఖిల భారత టోర్నమెంటూ మొదలైంది. అయినా అది గోడల లోపలి ఆటగానే ఉండిపోయింది. దేశానికి రగ్బీ సంఘం ఏర్పడింది 1968లో. జాతీయ జట్టు తొలిసారి అంతర్జాతీయ పోటీకి దిగింది 1998లో, సింగపూర్‌లో. కలకత్తా మ్యాచ్‌కూ దీనికీ మధ్య 126 ఏళ్లు గడిచాయి.

ఫుట్‌బాల్ కూడా ఆ తెల్ల సిపాయిలతోనే వచ్చింది కదా, అదెందుకు నిలిచింది? హైదరాబాదునే చూడండి. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన సిటీ పోలీసు జట్టు దేశాన్ని ఏలింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేరింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఫుట్‌బాల్‌కు చెప్పులు కూడా అక్కర్లేదు, ఏ నేలైనా పనికొస్తుంది. అన్నిటికీ మించి, బాగా ఆడిన కుర్రాడికి పోలీసు కొలువు దొరికేది. రగ్బీకి ఇవేవీ లేవు. మొరం నేల మీద పడితే మోకాలి చర్మం లేచిపోతుంది. తెలంగాణలో ఆలేరు లాంటి ఊళ్లలో చెడుగుడుకు మెత్తటి మట్టి పోసి కోర్టు చేసుకోవచ్చు. వంద మీటర్ల పచ్చిక పెంచాలంటే నీళ్లెక్కడివి?

రగ్బీ గోడ దాటింది ఒడిశాలో. భువనేశ్వర్‌లోని కళింగ సామాజిక శాస్త్రాల సంస్థ ఆదివాసీ పిల్లల హాస్టలు బడి. కలకత్తాలో జంగిల్ క్రోస్ అనే జట్టు నడిపిన పాల్ వాల్ష్ అక్కడి అబ్బాయిలకు ఆట నేర్పాడు. 2007లో లండన్‌లో పద్నాలుగేళ్ల లోపు బడిజట్ల టోర్నమెంటును వాళ్లే గెలుచుకొచ్చారు. ఆ వెనకే అమ్మాయిలూ వచ్చారు. భారత మహిళల పదిహేనుమంది జట్టు 2018లో మొదటిసారి ఆడి ఓడింది. మరుసటి ఏడాదే మనీలాలో సింగపూర్‌ను 21-19తో ఓడించి తొలి గెలుపు అందుకుంది. చివరి ఘడియల్లో పెనాల్టీ కొట్టి దాన్ని ఖాయం చేసిన సుమిత్రా నాయక్ ఆ హాస్టలు బడి పిల్లే. ఇప్పుడు బిహారు కూడా జోరు మీదుంది. అక్కడి రాజ్‌గీర్‌లో 2025లో జరిగిన ఇరవై ఏళ్ల లోపు ఆసియా పోటీల్లో మన అమ్మాయిలు కాంస్యం తెచ్చారు.

అందుకే జాతీయ జట్టు భవిష్యత్తు గురించి ఎవరైనా అడిగితే, ఏ జట్టు అని ఎదురు ప్రశ్న వేయాలి. పదిహేనుమంది మగవాళ్ల జట్టుకు ప్రపంచ కప్పు ఇప్పట్లో కనుచూపు మేరలో లేదు. 2027 కప్పులో జట్లను 24కు పెంచితే ఆ సందులోంచి తొలిసారి లోపలికి వెళ్లిన ఆసియా జట్టు హాంకాంగ్, మనం కాదు. 1995లో న్యూజిలాండ్ చేతిలో 145-17తో చిత్తయిన జపాన్, 2015లో దక్షిణాఫ్రికాను 34-32తో ఓడించిందని మనవాళ్లు ఆశగా చెప్పుకుంటారు. ఆ ఇరవై ఏళ్ల వెనక జపాన్ కాలేజీలు, కంపెనీలు దశాబ్దాలుగా పోషించిన ఆట ఉందన్న సంగతి మాత్రం ఎత్తరు.

ఏడుగురి ఆట లెక్క వేరు. ఏడేసి నిమిషాల రెండు భాగాలు, మధ్యలో కాస్త ఊపిరి. కొండలాంటి మనుషులు అక్కర్లేదు, పరుగూ పట్టూ ఉంటే చాలు. పట్టు విషయంలో మన కబడ్డీ పిల్లలకు సగం పని ముందే అయిపోయింది. కూతకొచ్చినవాడి తొడ పట్టే పిల్ల నడుం వంచి, భుజం ఆనించి, రెండు చేతులూ బిగిస్తుంది. రగ్బీ కోచ్ నేర్పేదీ అదే. తల ఎదుటివాడి పిరుదు పక్కకు పోవాలి, పట్టు భుజానికి పైన పడితే ఫౌలు. కొత్తగా అలవాటు కావలసింది పడేశాక వెంటనే వదిలేయడం, బంతిని ఎప్పుడూ వెనక్కే అందించడం. మొదటిది కబడ్డీ పిల్లలకు బహు కష్టం!

ఇక్కడ మనవైపు ఒక చిత్రమైన ముడి ఉంది. 2014 మే 25న గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. ఆమె తొలి పాఠాలు ఆలేరుకు పొరుగునున్న భువనగిరి గుట్ట మీద. ఆమె కథను 2017లో ‘పూర్ణ’ పేరుతో సినిమాగా తీసిన రాహుల్ బోస్, 1998లో సింగపూర్ వెళ్లిన ఆ మొదటి భారత రగ్బీ జట్టులో ఆటగాడు. 2022 నుంచి రగ్బీ సంఘం అధ్యక్షుడు. ఒడిశా హాస్టలు చేసిన పనిని చేయగల గురుకులాలు మన దగ్గర వందల్లో ఉన్నాయి. అవేమిటో అందరికంటే బాగా తెలిసిన మనిషే ఆ కుర్చీలో కూర్చున్నాడు.

డబ్బు కూడా తెలుగు చేతుల్లోంచే వచ్చింది. రాజాంలో మొదలైన జీఎంఆర్ సంస్థ అండతో 2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ నడిచింది. ఆరు జట్లలో హైదరాబాద్ హీరోస్ ఒకటి. వేలంలో భారత ఆటగాడికి పలికిన అత్యధిక ధర 4.75 లక్షలు. క్రికెట్ వేలం చూసిన కళ్లకు ఇది చిల్లరే. లీగ్ వల్ల ఫిజీ, న్యూజిలాండ్ ఆటగాళ్ల పక్కన మనవాళ్లు పరుగెత్తారు, అంతవరకు లాభమే. కానీ జట్టుకు నగరం పేరు పెట్టినంత మాత్రాన ఆ నగరంలో ఆట పుట్టదు.

2028 లాస్ ఏంజెలెస్‌లో ఏడుగురి ఆటకు ఒలింపిక్ బెర్తులు పన్నెండు. మహిళల్లో ఆసియా నుంచి జపాన్, చైనా మనకంటే చాలా ముందున్నాయి కాబట్టి ఆ ఆశ ఇప్పుడే పెట్టుకోనక్కర్లేదు. ఈ రోజు గురుకులంలో ఆరో తరగతి చదువుతున్న పిల్ల ఆ తర్వాతి ఒలింపిక్స్ జరిగే 2032 నాటికి ఇంటర్ దాకా వస్తుంది. ఆలోపు ఆట నేర్పడానికి ఒక పీఈటీ సారు, నాలుగు బంతులు, దున్ని చదును చేసిన నేల చాలు. ఇంటర్ అయ్యాక ఇంటివాళ్లు సంబంధాలు చూడటం మొదలుపెడతారు, అసలు ఇబ్బంది అక్కడ. 2020లో కేంద్రం తన కొలువుల స్పోర్ట్స్ కోటా జాబితాలో రగ్బీని కూడా చేర్చింది. ఆ కోటాలో ఒక్క యాదాద్రి భువనగిరి జిల్లా పిల్లకు కానిస్టేబుల్ ఉద్యోగమో రైల్వే ఉద్యోగమో వచ్చిన నాడు, ఆలేరు పీఈటీ సారు పిల్లల్ని రగ్బీకి పంపమని తల్లిదండ్రులను బతిమాలే పని తగ్గుతుంది.