డప్పు దెబ్బ నుంచి లాక్ స్క్రీన్ దాకా

హైదరాబాదులో పొద్దున్నే ఆరు గంటలకు పెదనాన్నగారెవరో గులాబీపువ్వు బొమ్మ మీద ‘శుభోదయం’ అని రాసి కుటుంబం గ్రూపులో వేస్తారు. న్యూజిలాండ్‌లోని రోటోటూనాలో అప్పుడు మధ్యాహ్నం పన్నెండున్నర. అక్కడ వేసవి అయితే ఒంటిగంటన్నర. ఆయనే రాత్రి తొమ్మిదింటికి భోంచేసి తీరిగ్గా ఫోన్ పట్టుకుంటే రోటోటూనాలో తెల్లవారుజాము మూడున్నరో, నాలుగున్నరో అవుతుంది. దిండు పక్కన టింగుమంటుంది. దూరదేశంలో ఉన్నవాళ్ళకు ఆ వేళప్పుడు ఫోన్ మోగితే గుండె ఝల్లుమంటుంది. తీరా చూస్తే ఎవరో పంపిన వంకాయ పచ్చడి వీడియో.

రోటోటూనా హామిల్టన్ నగరానికి ఈశాన్యపు అంచు. మావోరీ భాషలో రోటో అంటే సరస్సు, టూనా అంటే ఈల్ చేప. (డబ్బాల్లో అమ్మే ట్యూనాకూ దీనికీ చుట్టరికం లేదు.) ఒకప్పుడు పాడి ఆవులు మేసిన పొలాల్లో ఇప్పుడు ఇళ్ళ వరసలు. ఇక్కడి జూనియర్ హైస్కూలును 2016లో తెరిచారు. అంటే ఆ బడి కన్నా ఆండ్రాయిడ్ ఫోనే ఎనిమిదేళ్ళు పెద్దది. ఇలాంటి కొత్త పేటలో కాపురం పెట్టిన తెలుగువాళ్ళకు చాటింపు వేసేదీ, తంతి తెచ్చేదీ, తలుపు తట్టేదీ అన్నీ ఫోనే. ఏ వార్త ముందు రావాలి, ఏది వెనక రావాలి, ఏది చప్పుడు చేయాలి, ఏది మౌనంగా పడి ఉండాలి అన్న పంచాయితీ మాత్రం ఫోన్ల కన్నా చాలా పాతది.

తెలుగు పల్లెల్లో ఆ పంచాయితీ తీర్చింది డప్పు. టముకు వేసి, ‘ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా’ అని చాటే మనిషి రాకముందే ఊరికి సగం సంగతి తెలిసిపోయేది. చావు దెబ్బ వేరు, పెళ్ళి దెబ్బ వేరు, జాతర దెబ్బ వేరు. మాట వినబడనంత దూరంలో పొలంలో ఉన్నవాడు కూడా దెబ్బను బట్టి నాగలి ఆపాలో అక్కర్లేదో తేల్చుకునేవాడు. వార్త కన్నా ముందే వార్త తీరు తెలియడం గొప్ప ఏర్పాటే. కానీ ఆ వార్తను మోసిన మనిషిని ఊరు తన అంచున, వాడలో ఉంచింది. 1994లో ఆ డప్పు మోసినవారి మాదిగ దండోరా ఉద్యమం చాటింపుకున్న ‘దండోరా’ పేరునే ఎత్తుకుంది. అంతవరకూ ఇతరుల కబుర్లు చాటిన డప్పు ఆ రోజు నుంచి తన కబురు తాను చాటుకుంది.

కాగితం మీదా ఇదే పద్ధతి సాగింది. నాలుగు మూలలా పసుపు పూసి ఉంటే శుభలేఖ. చుట్టూ నల్లటి అంచు ఉంటే దినకర్మ పత్రిక. చదువు రాని ముసలమ్మకు కూడా కవరు చేతికి రాగానే విషయం తెలిసేది. టెలిగ్రాం వచ్చాక ఆ సౌకర్యం పోయింది. శుభమైనా అశుభమైనా కాగితం చాలావరకు ఒకటే. అందుకే తంతివాడి సైకిలు గంట వినగానే విప్పి చూడకుండానే ఏడుపు మొదలయ్యేది. తంతి శాఖవాళ్ళు పండగలకూ పెళ్ళిళ్ళకూ తయారుగా ఉన్న శుభాకాంక్షల వాక్యాలకు అంకెలు ఇచ్చారు. అంకె చెబితే చాలు, అవతల పూర్తి వాక్యం అందేది. అయినా భయం పోలేదు. 2013 జూలై 14న ఇండియాలో టెలిగ్రాం సేవ ముగిసింది. దాన్ని తలచుకున్నవాళ్ళలో ఎక్కువమందికి గుర్తున్నది ఆ భయమే.

ఆ తర్వాత కొన్నాళ్ళు మిస్డ్ కాల్ రాజ్యం. 2003లో ఇండియాలో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక ఒక రింగు ఇచ్చి పెట్టేస్తే ‘చేరాను’, రెండు రింగులిస్తే ‘నువ్వే చెయ్యి’. ఏ ఇంటి లిపి ఆ ఇంటిది. పైసా ఖర్చు లేకుండా వార్తకు రకాలు కనిపెట్టిన ఘనత మనవాళ్ళకు ఇచ్చి తీరాలి.

స్మార్ట్‌ఫోన్ మాత్రం ఈ తెలివి ఏదీ లేకుండా పుట్టింది. ఐఫోన్ 3జీ 2008 జూలై 11న అమ్మకానికి వచ్చినప్పుడు, తేదీ రేఖ పుణ్యమా అని ప్రపంచంలో అందరికన్నా ముందు అందుకున్నది న్యూజిలాండ్. ఆక్లాండ్‌లో అర్ధరాత్రి బారులు తీరి కొన్నారు. ఆ ఫోన్‌లో మెసేజ్ వస్తే తెర మధ్యలో ఒక నీలం పెట్టె దూకేది. ఏం చేస్తున్నా ఆపి దాని సంగతి చూడాల్సిందే. గూగుల్‌వాళ్ళ తొలి ఆండ్రాయిడ్ ఫోన్ అదే ఏడాది అక్టోబరులో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. తయారుచేసింది హెచ్‌టీసీ. అందులో వచ్చిన కబుర్లన్నీ పైన సన్నని పట్టీలో గుర్తులుగా నిలబడేవి. కిటికీ తెర దించినట్టు వేలితో కిందికి లాగితే వరసగా కనబడేవి. అతిథి వసారాలో కూర్చుని పిలిచేదాకా ఆగినట్టు. ఇప్పుడు ప్రపంచమంతా చేస్తున్న ఈ కిందికి లాగుడు అప్పుడు మొదలైనదే.

2009లో పామ్ సంస్థ వెబ్‌ఓఎస్ ఫోన్ తెచ్చింది. అందులో కబుర్లు తెర అడుగున కూర్చునేవి, వద్దనుకుంటే పక్కకు తోసేయవచ్చు. దాని రూపకల్పనకు సారథ్యం వహించిన మతియాస్ దువార్తె మరుసటి ఏడు గూగుల్‌లో చేరాడు. 2011 నాటి ఆండ్రాయిడ్ 4.0లో ఆ పక్కకు తోయడం ప్రత్యక్షమైంది. అదే ఏడాది అక్టోబరులో ఆపిల్ కూడా ఐఓఎస్ 5తో కిందికి లాగే తెర పెట్టుకుంది. ఎవరు ఎవరిని చూసి రాశారన్నది పరీక్ష హాలు తగువు లాంటిది, తేలదు.

ఈలోగా ఒక విచిత్రం జరిగింది. 2009లో జాన్ కూమ్ వాట్సాప్ మొదలుపెట్టినప్పుడు అది మెసేజీల యాప్ కాదు. ‘పనిలో ఉన్నాను’, ‘బ్యాటరీ అయిపోతోంది’ లాంటి స్టేటస్ పెట్టుకునే పలక. ఆ జూన్‌లో ఆపిల్ పుష్ నోటిఫికేషన్లు ఇవ్వడంతో, ఒకరు స్టేటస్ మార్చగానే స్నేహితుల ఫోన్లు మోగసాగాయి. జనం ఆ స్టేటస్‌లతోనే ఒకరికొకరు జవాబులు చెప్పుకోవడం మొదలుపెట్టారు. మెసేజీల వాట్సాప్ అలా పుట్టింది. గంట ముందు వచ్చి, గుడి తర్వాత లేచిందన్నమాట. పెదనాన్నగారి గులాబీపువ్వు మూలాలు కూడా అక్కడే వెతకాలి.

నోటిఫికేషన్ల చరిత్రలో తెలుగు పేరు ఒకసారి ప్రపంచ పత్రికలకెక్కింది, అదీ చెడ్డపేరుతో. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే అక్షరం ఐఫోన్లను కూల్చేస్తోందని గోల పుట్టింది. మామూలుగా రాసే జ్ఞానానికి ముప్పేమీ లేదు. జ, వత్తు ఞ, దీర్ఘం మధ్యలో కంటికి కనబడని ఒక విడదీసే గుర్తు దూరితే, ఆ కూర్పును గీయడం చేతకాక ఐఓఎస్ 11 చతికిలబడేది. యాప్ తెరిచి చూస్తే ఆ యాప్ ఒక్కటే కూలేది. అదే అక్షరం నోటిఫికేషన్‌గా వస్తే లాక్ స్క్రీన్‌ను నడిపే వ్యవస్థే కూలి, మళ్ళీ లేచి, అదే నోటిఫికేషన్ చూసి మళ్ళీ కూలేది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ మరమ్మతు చేసింది. 2015లో అరబ్బీ అక్షరాలున్న ఒక మెసేజ్ కూడా ఇలాగే చేసింది. పొడుగు వాక్యాన్ని నోటిఫికేషన్ పట్టీలో ఇమిడేలా కత్తిరించబోయి ఫోన్ తానే పడిపోయేది. వత్తులూ గుణింతాలూ ఉన్న లిపులను ఆ పట్టీలో కూర్చోబెట్టడం అంత తేలిక కాదని తయారీదార్లకు అప్పటికి గానీ తెలిసిరాలేదు. ‘తెలుగు అక్షరం బాంబు’ అని శీర్షికలు పెట్టినవాళ్ళు తప్పు అక్షరానిది కాదన్న ముక్కను అడుగున ఎక్కడో చిన్నగా వేశారు.

మోత ఎక్కువయ్యాక వరస పెట్టడం మొదలైంది. ఆండ్రాయిడ్ 8 నుంచి, అంటే 2017 నుంచి, ప్రతి యాప్ తన కబుర్లను రకాలుగా విడదీసి ఇవ్వాలని గూగుల్ నియమం పెట్టింది. బ్యాంకు యాప్‌లో డబ్బు జమ అయిన మెసేజ్‌ను ఉంచుకుని, అప్పు తీసుకోమనే ప్రకటనను నోరు మూయించవచ్చు. చావు దెబ్బనూ జాతర దెబ్బనూ వేరు చేసిన డప్పు తెలివి ఇన్నాళ్ళకు కాలిఫోర్నియా చేరింది. ఆండ్రాయిడ్ 11లో మనుషుల మాటలకు పైన వేరే చోటు ఇచ్చారు, యాప్‌ల సొద కిందికి పోయింది. ఐఓఎస్ 15 2021లో సారాంశం తెచ్చింది. తొందర లేని కబుర్లను మూటగట్టి, మనం చెప్పిన వేళకే తెచ్చి ఇస్తుంది. మరుసటి ఏడు ఐఓఎస్ 16 నోటిఫికేషన్లను తెర అడుగుకు దించి, మూడు రూపాలిచ్చింది: ఎన్ని వచ్చాయో అంకె మాత్రమే, ఒకదానిమీద ఒకటి దొంతర, లేదా పూర్తి జాబితా.

రోటోటూనా ఇళ్ళకు ఈ మూడింటిలో అంకె రూపమే మేలనిపిస్తుంది. రాత్రి నలభై ఏడు వచ్చాయని తెలిస్తే సరిపోతుంది, నలభై ఏడు గులాబీలూ కనబడనక్కర్లేదు. ఆ అంకె వెనక అసలైన కబురు దాగిపోతుందేమోనన్న బెంగకు మందు కూడా ఫోన్‌లోనే ఉంది. డు నాట్ డిస్టర్బ్‌లో ఉన్నా, మూడు నిమిషాల లోపల అదే నంబరు నుంచి రెండోసారి ఫోన్ వస్తే ఐఫోన్ మోగేలా పెట్టుకోవచ్చు. రెండు రింగుల మిస్డ్ కాల్ లిపికి ఇది మనవరాలే. ఊళ్ళో అమ్మానాన్నలకు ఒక్క మాట చెప్పి ఉంచితే చాలు: ‘అవసరమైతే వెంటనే ఇంకోసారి చెయ్యండి.’

యంత్రానికే పూర్తిగా అప్పగిస్తే ఏమవుతుందో 2024 డిసెంబరులో తేలింది. వార్తా నోటిఫికేషన్లను కృత్రిమ మేధతో కుదించి చూపబోయిన ఆపిల్, బీబీసీ పేరు మీద జరగని సంగతి చూపింది. బీబీసీ ఫిర్యాదు చేసింది. మరుసటి నెలలో వార్తా యాప్‌లకు ఆ కుదింపును నిలిపేశారు. టముకు వేసేవాడు కూడా చెప్పమన్న మాట మార్చేవాడు కాదు.

ఇన్ని వరసలు పెట్టుకున్నా ఒక్క మోతను న్యూజిలాండ్‌లో ఎవరూ ఆపలేరు. 2017 నవంబరు 26న ఆ దేశం అత్యవసర మొబైల్ హెచ్చరికను తొలిసారి దేశమంతటా పరీక్షించింది. అంతకుముందు అక్టోబరులో పరీక్ష మెసేజ్‌లు పొరపాటున రాత్రి ఒంటిగంటన్నరకు వెళ్ళి కొందరిని నిద్రలేపి, తిట్లు తిన్నాయి. 2020 మార్చి 25 సాయంత్రం ఆరున్నరకు దేశమంతటా ఫోన్లు ఒకేసారి అరిచాయి: ఈ రాత్రి నుంచి లాక్‌డౌన్, మీకూ కోవిడ్ ఉన్నట్టే మసలుకోండి అని. ఈ హెచ్చరికకు సైలెంట్ లేదు, మ్యూట్ లేదు, సెట్టింగ్స్‌లో తీసేసే మీట లేదు. పంపే వేళా చప్పుడూ ప్రభుత్వానివి. 2023లో ఇండియాలోనూ ఇలాంటి పరీక్ష మెసేజ్‌లు మోగాయి, ఏమిటో తెలియక జనం ఉలిక్కిపడ్డారు. ‘యావన్మందికీ తెలియజేయడమేమనగా’ మళ్ళీ వచ్చింది, డప్పు మోసే మనిషి లేకుండా.

హైదరాబాదు పొద్దుకు సరిపోయేలా ఐఫోన్‌లో సారాంశం వేళ పెట్టుకున్నవాళ్ళకు ఒక చిన్న మాట. ఫోన్ ఆ వేళను న్యూజిలాండ్ గడియారంతోనే లెక్కిస్తుంది. సెప్టెంబరు ఆఖరి ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలకు ఆ దేశపు గడియారాలు మూడుకు దూకుతాయి. హైదరాబాదు పొద్దున ఎనిమిది అంతకుముందు రోజు దాకా రోటోటూనాలో మధ్యాహ్నం రెండున్నర, ఆ రోజు నుంచి మూడున్నర. కాబట్టి ఆ ఆదివారం సెట్టింగ్స్‌లోకి వెళ్ళి సారాంశాన్ని ఒక గంట ఆలస్యంగా వచ్చేలా పెట్టండి. ఏప్రిల్ మొదటి ఆదివారం మళ్ళీ పాత వేళకు.