కాగితమున నిలిచిన అమరావతి

రాయి శాశ్వతమనియు, కాగితము క్షణభంగురమనియు మనమందరము తలంతుము. దానశాసనములను రాతిపై చెక్కించుట ఆ నమ్మకముచేతనే. కాని అమరావతి మహాచైత్యము విషయమున ఈ క్రమము తారుమారైనది. అచ్చటి శిలలు పెక్కు సున్నమై గోడలలో కలిసిపోయినవి. వానిలో కొన్నింటి రూపములు మాత్రము రెండు శతాబ్దుల క్రిందటి కాగితములపై నేటికిని నిలిచియున్నవి. అట్టి కాగితములను కాపాడువారి పని యెట్టిదో ఇచ్చట కొంత ముచ్చటింతము.

18వ శతాబ్ది తుదిలో వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు చింతపల్లి విడిచి అమరావతిలో తన క్రొత్త పట్టణమును కట్టింపసాగెను. కట్టడములకు రాళ్లు కావలసివచ్చెను. దీపాలదిన్నె యని జనులు పిలుచుచుండిన దిబ్బను త్రవ్వగా చెక్కడపు పలకలు బయటపడెను. అవి సున్నపురాతి పలకలు గనుక కొన్ని గోడలలో చేరినవి. కొన్ని బట్టీలలో కాలినవి. ఆ దినములలోనే కంపెనీ సర్వే ఉద్యోగియగు కాలిన్ మెకంజీ అచ్చటికి వచ్చి చూచెను. 1816లో, భారతదేశపు సర్వేయర్ జనరల్‌గా ఉన్న కాలమున, అతడు మరల ఆ స్థలముపై దృష్టి నిలిపెను. అప్పటికే దిబ్బ నడుమ చెరువుకై గొయ్యి త్రవ్వబడియుండెను. అతడు నియోగించిన చిత్రకారులు ఆ తరువాతి రెండు మూడేండ్లలో దిబ్బ పటమును, మిగిలిన పలకల రూపములను వ్రాసిరి. 80కి పైగా గల ఆ చిత్రములు ఒక సంపుటముగా నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో కలవు.

మెకంజీ పేరు మనవారికి కైఫీయతుల మూలమున సుపరిచితము. ఆ సేకరణలో అతనికి కుడిభుజమైన కావలి వెంకట బొర్రయ్య 1803లోనే మరణించెను. తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించెను. 1821లో మెకంజీ మరణింపగా అతని సంగ్రహమును కంపెనీ లక్ష రూపాయలకు కొనెను. చిత్రములు ఇండియా ఆఫీసు గ్రంథాలయమునకు చేరినవి. అచ్చటి చిత్రముల శాఖను 1954 మొదలు 1980 వరకు శ్రీమతి మిల్‌డ్రెడ్ ఆర్చర్ నిర్వహించిరి. ఆమె బీహారులో పెక్కు సంవత్సరములు నివసించినవారు. 1969లో ఆమె ప్రకటించిన రెండు సంపుటముల పట్టిక వలన ఈ నిధి పరిశోధకులకు అందుబాటులోనికి వచ్చెను. 1982లో ఆ గ్రంథాలయము బ్రిటిష్ లైబ్రరీలో భాగమయ్యెను.

పట్టిక వ్రాయుటయన్న పేర్లు ఎక్కించుట మాత్రమే కాదు. కాగితమును వెలుతురునకు ఎదురుగా పట్టి నీటిముద్రను చూడవలెను. అందు కాగితము తయారైన సంవత్సరము ఉండిన, చిత్రము అంతకు ముందుది కాదని తేలును. అంచున వ్రాసిన తేదీని, సంతకమును చదువవలెను. చిత్రమును మిగిలిన శిలతో సరిచూడవలెను. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన శిలలలో 100కి పైగా 1859లో లండనుకు పంపబడినవి. మరికొన్ని చెన్నై ప్రభుత్వ మ్యూజియములో ఉన్నవి. సరిచూచినప్పుడు కొన్ని చిత్రములకు జోడు శిల దొరకును. మరికొన్నింటికి దొరకదు. అట్టి చోట ఆ చిత్రమే మూలమగును.

ఇక వెలుతురు చిత్రమునకు మిత్రమును, శత్రువును కూడ. అది లేనిదే చూడలేము. అది తగిలినకొలది రంగు వెలయును, కాగితము పసుపెక్కును. అందుచేత కాగితముపై చిత్రములను 50 లక్సుల మసక వెలుతురులో కొన్ని నెలలు మాత్రమే ప్రదర్శించి, పిదప సంవత్సరముల తరబడి చీకటిలో విశ్రమింపజేయుదురు. ఆమ్లము లేని అట్టల నడుమ, మూతగల పెట్టెలలో, తేమ హెచ్చుతగ్గులు లేని గదిలో వానిని భద్రపరతురు. చూడవచ్చినవారికి ఇది లోభితనముగ తోచవచ్చును. కాని రాబోవు తరమువారు కూడ చూడవచ్చువారే కదా!

మేము ముఖ్యముగా గమనింపవలసినదని తలచునది మరియొకటి కలదు. మెకంజీ ఈ కట్టడమును జైనులదని భావించెను. చిత్రకారులకును బౌద్ధగాథలు తెలిసిన జాడ లేదు. అయినను వారు బోధివృక్షమును, శూన్యాసనమును, పాదముద్రలను, ధర్మచక్రమును కంటికి కనబడినట్లే వ్రాసిరి. అర్థము తెలియదని ఒక రేఖను విడువలేదు. తమకు తోచిన అర్థమునకు తగినట్లు వారు రూపమును దిద్దియున్నచో తరువాతి పండితులు ఆ గాథలను గుర్తింపగలిగియుండరు. చిత్రములను కాచువాని ధర్మము కూడ ఇట్టిదే: తనకు అర్థమైనదానినే కాక, అర్థము కానిదానిని కూడ చెడకుండ ముందువారికి అందజేయుట.

మన యిండ్లలోను తాతలనాటి పటములు, అంచనా చిత్రములు, పాత ఛాయాచిత్రములు అటకలపై మూలుగుచుండవచ్చును. ఇల్లు సర్దునప్పుడు చెత్తతో కలిపి పారవేయుటకు ముందు ఒకసారి వెనుకకు త్రిప్పి చూతము. పేరు, ఊరు, సంవత్సరము తెలిసినంత మెత్తని పెన్సిలుతో వెనుక వ్రాసి, ఎండకు, చెమ్మకు దూరముగా ఉంచుదము. అమరావతి శిలలను బట్టీకి మోసినవారు దుర్మార్గులు కారు. తాము మోయుచున్నదేమో వారికి తెలియదు. తెలిసిన మనకు ఆ సాకు లేదు.