గవర్నర్ మధ్యలోనే రాజీనామా చేస్తే నెక్స్ట్ ఎవరు? ఓయూ స్టూడెంట్స్‌కీ ఆ కుర్చీతో లింకేంటి? రూల్స్ ఇవే..

హైదరాబాద్: తార్నాక చౌరస్తా దాటి ఓయూ క్యాంపస్‌లోకి అడుగుపెడితే గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్లు ఎక్కడ చూసినా కనిపిస్తారు. వాళ్ల పాలిటీ పుస్తకాల్లో చాలామందిని కన్ఫ్యూజ్ చేసే ప్రశ్న ఒకటుంది. ఐదేళ్లు పూర్తికాకముందే గవర్నర్ తప్పుకుంటే ఆ బాధ్యతలు ఎవరికి వెళ్తాయి? చీఫ్ జస్టిస్‌కా? సీఎంకా? పక్క రాష్ట్రం గవర్నర్‌కా?

ఓయూ విద్యార్థులకు ఇది పరీక్షలో ఒక్క మార్కు విషయం మాత్రమే కాదు. గవర్నరే ఉస్మానియా యూనివర్సిటీకి ఛాన్సలర్. గవర్నర్ మారితే ఓయూ ఛాన్సలర్ కూడా మారినట్టే.

2024లో ఏం జరిగింది?

తెలంగాణ గవర్నర్‌గా తమిళిసై సౌందరరాజన్ 2019 సెప్టెంబర్ 8న ప్రమాణం చేశారు. ఐదేళ్ల గడువుకు ఇంకా దాదాపు ఆరు నెలలు ఉండగానే, 2024 మార్చి 18న రాజీనామా చేశారు. ఆ తర్వాత లోక్‌సభ ఎన్నికల్లో చెన్నై సౌత్ నుంచి పోటీ చేశారు.

అప్పటికి జార్ఖండ్ గవర్నర్‌గా ఉన్న సీపీ రాధాకృష్ణన్‌కు రాష్ట్రపతి తెలంగాణ అదనపు బాధ్యతలు అప్పగించారు. మార్చి 20న రాజ్‌భవన్‌లో ఆయనతో హైకోర్టు చీఫ్ జస్టిస్ అలోక్ అరాధే ప్రమాణం చేయించారు. పుదుచ్చేరి లెఫ్టినెంట్ గవర్నర్ బాధ్యతలు కూడా ఆయనకే ఇచ్చారు. అంటే ఒకే వ్యక్తి చేతిలో మూడు చోట్ల బాధ్యతలు. నాలుగు నెలలు దాటాక, జూలై 31న జిష్ణుదేవ్ వర్మ పూర్తిస్థాయి గవర్నర్‌గా ప్రమాణం చేశారు.

రాజ్యాంగం ఏం చెబుతోంది?

* ఆర్టికల్ 155: గవర్నర్‌ను నియమించేది రాష్ట్రపతి.
* ఆర్టికల్ 156: పదవీకాలం ఐదేళ్లు. కానీ రాష్ట్రపతి ఇష్టం ఉన్నంతకాలమే పదవిలో ఉంటారు. రాజీనామా లేఖను రాష్ట్రపతికే పంపాలి. ఐదేళ్లు పూర్తయినా కొత్తవారు వచ్చేదాకా కొనసాగవచ్చు.
* ఆర్టికల్ 153: ఒకే వ్యక్తి రెండు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాలకు గవర్నర్‌గా ఉండొచ్చు. 1956లో 7వ సవరణతో ఈ వీలు వచ్చింది.
* ఆర్టికల్ 158(3ఎ): అలాంటప్పుడు జీతభత్యాలను ఆ రాష్ట్రాలు పంచుకుంటాయి. ఏ రాష్ట్రం ఎంత అనేది రాష్ట్రపతి నిర్ణయిస్తారు.
* ఆర్టికల్ 160: రాజ్యాంగంలో చెప్పని పరిస్థితి ఎదురైతే, గవర్నర్ విధులు ఎలా నడవాలో రాష్ట్రపతి ఏర్పాటు చేయొచ్చు.

'డిప్యూటీ గవర్నర్' ఉండరా?

ఉండరు. అసలు తేడా ఇక్కడే ఉంది. రాష్ట్రపతి పదవి ఖాళీ అయితే ఉపరాష్ట్రపతి ఆ బాధ్యతలు చూస్తారు, ఆరు నెలల్లోపు ఎన్నిక జరగాలి. గవర్నర్ విషయంలో అలాంటి వరుస లేదు, డెడ్‌లైన్ కూడా లేదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో గవర్నర్ తప్పుకుంటే లెఫ్టినెంట్ గవర్నర్ ఆ కుర్చీ ఎక్కుతారు. మన దగ్గర లెఫ్టినెంట్ గవర్నర్ అంటే కేంద్రపాలిత ప్రాంతాన్ని చూసేవారు. పేరు ఒకటే, పని వేరు.

చీఫ్ జస్టిస్ ఆటోమేటిక్‌గా గవర్నర్ అవుతారా?

కారు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ప్రమాణం చేయించేది హైకోర్టు చీఫ్ జస్టిస్. ఆయన లేకపోతే అందుబాటులో ఉన్న సీనియర్ జడ్జి. అంతవరకే. రాష్ట్రపతి ప్రత్యేకంగా అప్పగిస్తే మాత్రం బాధ్యతలు చూడొచ్చు. 1975లో ఉమ్మడి ఏపీలో అదే జరిగింది. అప్పటి చీఫ్ జస్టిస్ ఎస్.ఓబుల్ రెడ్డి గవర్నర్ బాధ్యతలు నిర్వర్తించారు.

తెలుగు రాష్ట్రాల్లో పాత కేసులు

1984 ఆగస్టులో ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి వివాదంలో చిక్కుకున్న రామ్‌లాల్ అదే నెలలో పదవి వదలాల్సి వచ్చింది. ఆయన స్థానంలో శంకర్ దయాళ్ శర్మ వచ్చారు.

2009 డిసెంబర్‌లో ఓయూ క్యాంపస్ తెలంగాణ ఉద్యమంతో అట్టుడుకుతున్న టైమ్‌లోనే ఎన్డీ తివారీ రాజీనామా చేశారు. ఛత్తీస్‌గఢ్ గవర్నర్‌గా ఉన్న ఈఎస్ఎల్ నరసింహన్‌కు అదనపు బాధ్యతలు ఇచ్చారు. తర్వాతి నెలలో ఆయన్నే పూర్తిస్థాయి గవర్నర్‌ను చేశారు. 'టెంపరరీ'గా వచ్చిన ఆయన రాష్ట్ర విభజన తర్వాత కూడా 2019 దాకా కొనసాగారు.

కేంద్రం ఎప్పుడంటే అప్పుడు తీసేయొచ్చా?

తీసేయొచ్చు కానీ హద్దులున్నాయి. కేంద్రంలో ప్రభుత్వం మారిందనో, గవర్నర్ తమ పార్టీ లైన్‌లో లేరనో తొలగించడం కుదరదని 2010లో బీపీ సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

మరి ఓయూ సంగతేంటి?

అదనపు బాధ్యతల్లో ఉన్న గవర్నర్‌కు అధికారాలు తక్కువేం కాదు. బిల్లులపై సంతకం నుంచి ఛాన్సలర్ బాధ్యతల దాకా అన్నీ ఉంటాయి. కాబట్టి ఫైళ్లు ఆగాలని రూల్ ఏమీ లేదు.

అయితే 2024 మే 21న ఓయూతో పాటు పలు యూనివర్సిటీల వీసీల గడువు ముగిసినప్పుడు రాష్ట్రానికి ఉన్నది అదనపు బాధ్యతల గవర్నరే. ఓయూ వీసీ కుర్చీలోనూ ఇన్‌చార్జ్‌గా ఐఏఎస్ అధికారి దాన కిశోర్ వచ్చారు. అంటే కొంతకాలం పైన ఛాన్సలర్, కింద వీసీ.. ఇద్దరూ తాత్కాలికమే. ఈ ఆలస్యానికి గవర్నర్ మార్పే కారణమని చెప్పలేం. వీసీ ఎంపికకు సెర్చ్ కమిటీ, ప్రభుత్వం స్థాయిలో వేరే ప్రాసెస్ ఉంటుంది. చివరికి 2024 అక్టోబర్ 18న ప్రొఫెసర్ కుమార్ మొలుగరం ఓయూ వీసీగా నియమితులయ్యారు.

ఒక్క మాటలో..

గవర్నర్ కుర్చీకి వారసుడు ముందే రెడీగా ఉండరు. ఎవరు రావాలి, ఎప్పుడు రావాలి అనేది కేంద్ర ప్రభుత్వ సలహాతో రాష్ట్రపతి తీసుకునే నిర్ణయం. తెలంగాణ బాధ్యతలు చూసి మహారాష్ట్రకు వెళ్లిన రాధాకృష్ణన్ 2025 సెప్టెంబర్‌లో ఉపరాష్ట్రపతిగా ఎన్నికయ్యారు. అప్పుడు ఖాళీ అయిన మహారాష్ట్ర బాధ్యతలు ఎవరికి ఇచ్చారో తెలుసా? గుజరాత్ గవర్నర్ ఆచార్య దేవవ్రత్‌కు. మళ్లీ అదే రూట్.