చిప్స్ పొట్లం డీజిల్ అయ్యేదెలా?

పాత సామాన్లు కొనేవారు నీళ్ల సీసాలను తూకానికి తీసుకుంటారు. చిప్స్ పొట్లాన్ని, షాంపూ ప్యాకెట్‌ను మాత్రం ఎవరూ ముట్టరు. కారణం వాటి తయారీలోనే ఉంది. పాలిస్టర్, పాలీప్రొపిలీన్, పాలిథిన్ వంటి వేర్వేరు ప్లాస్టిక్ పొరలను, పలుచని అల్యూమినియం పూతను విడదీయలేనంతగా అతికిస్తారు. కరిగించి మళ్లీ పోతపోసే మామూలు పద్ధతి ఒకే రకం ప్లాస్టిక్‌కు పనికివస్తుంది తప్ప ఇలాంటి కలగలుపు సరుకుకు కాదు. అందుకే ఇవి మురుగు కాల్వల్లోనో, డంపింగ్ యార్డుల్లోనో తేలుతున్నాయి.

వీటికి మార్గంగా చెబుతున్నదే రసాయనిక రీసైక్లింగ్. అందులో ప్రధానమైనది పైరాలిసిస్. గాలి చొరబడని పాత్రలో ప్లాస్టిక్‌ను సుమారు 400 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేస్తారు. ఆక్సిజన్ లేనందున అది మండదు. పొడవైన అణువుల గొలుసులు తెగి ఆవిరవుతాయి. ఆ ఆవిరిని చల్లబరిస్తే ముడిచమురును పోలిన ద్రవం లభిస్తుంది. ద్రవంగా మారని వాయువును కొలిమికే ఇంధనంగా వాడుకోవచ్చు. అడుగున మసి, అల్యూమినియం మిగులుతాయి.

దెహ్రాదూన్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెట్రోలియం, గెయిల్ తోడ్పాటుతో 2019 ఆగస్టులో రోజుకు టన్ను సామర్థ్యం గల ప్లాంటును ప్రారంభించింది. టన్ను వ్యర్థాల నుంచి 800 లీటర్ల వరకు డీజిల్ తీయవచ్చని అప్పట్లో ప్రకటించారు. అయితే అది పాలిథిన్, పాలీప్రొపిలీన్ రకాలను దృష్టిలో ఉంచుకొని రూపొందించినది.

చిక్కంతా ఇక్కడే ఉంది. పీవీసీ ముక్కలు కలిస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్లం వెలువడి యంత్రాలను తినేస్తుంది. పాలిస్టర్ నుంచి వచ్చే ఆమ్లాలు గడ్డకట్టి గొట్టాలను పూడ్చివేస్తాయి. అంటే, ఏ చెత్తనైనా చమురుగా మార్చేస్తుందని పేరుపడిన ఈ పద్ధతికి సైతం వేరుచేసిన, తడి లేని ప్లాస్టిక్కే కావాలి. ప్లాంటు పెట్టదలచిన పురపాలక సంఘం యంత్రం ధర కన్నా ముందు తేల్చుకోవలసింది, అటువంటి సరుకు రోజుకు ఎంత అందుతుందన్నదే.

మరో సంగతి. డీజిల్‌గా మండిపోయిన ప్లాస్టిక్ తిరిగి ప్లాస్టిక్ కాదు. 2022 ఫిబ్రవరిలో కేంద్రం జారీచేసిన ఉత్పత్తిదారుల బాధ్యత మార్గదర్శకాలు సైతం వ్యర్థాలను చమురుగా మార్చడాన్ని రీసైక్లింగ్‌లో చేర్చలేదు. రహదారుల నిర్మాణం, సిమెంటు బట్టీల్లో వినియోగం సరసన తుది పారవేతగా లెక్కగట్టాయి. ఆ చమురును శుద్ధిచేసి రిఫైనరీలో ముడిసరుకుగా వాడితే మళ్లీ ప్లాస్టిక్ తయారవుతుంది. జామ్‌నగర్‌లో ఈ విధంగా పాలిమర్లు ఉత్పత్తి చేసినట్లు రిలయన్స్ సంస్థ 2024 జనవరిలో వెల్లడించింది.